పరీక్ష పొద్దున చాపిన పడుగు

“బస్సు కదులుతోంది ఆయమ్మా, చెయ్యి వదులు, పడతావ్!”

“మీరు పోండ్రి టీచరమ్మా. పిల్లల సంగతి నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకుండ్రి.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుంది. నేను కింద నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. బస్సు కదిలినా వదలక దాని వెంట కొంత దూరం నడిచాను. కండక్టరు తల బయటపెట్టి ఒక తిట్టు తిట్టాడు. అప్పుడు వదిలాను. ఆమెను దూరపు జిల్లాకు బదిలీ చేశారు. మళ్లీ ఆమె నాకు కనపడలేదు. ఆమె ఉత్తరం రాస్తే చదవడానికి నాకు ఒకరు కావాలి, నేను రాయాలంటే రాయడానికి ఒకరు కావాలి. ఇప్పుడు నా చెల్లె బిడ్డ కూర్చుని రాస్తున్నట్టు అప్పుడు ఎవరు రాస్తారు?

ఆమె మా ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పదో తరగతి బాధ్యత కూడా ఆమెదే. బడి వరంగల్ మట్టెవాడలో దుకాణాల వెనక ఉండేది. నేను అందులో ఆయమ్మను. గంట కొట్టేదాన్ని, కుండల్లో నీళ్లు నింపేదాన్ని, గదులు ఊడ్చేదాన్ని, ఏ పిల్లకైనా జ్వరమొస్తే ఇంటి దాకా దిగబెట్టి వచ్చేదాన్ని. అంతకుముందు నేనూ మా ఆయనా మగ్గం నేసేవాళ్లం. ఆయన పోయాడు. ఒక్క మనిషితో మగ్గం నడవదు. మాకు పిల్లలు కూడా లేరు. బళ్లో పని ఉందంటే పోయి చేరాను. ఇంతమంది పిల్లల నడుమ ఉంటే నీకు పొద్దు పోతుందిలే అన్నారు అందరూ. పొద్దు పోవడం సంగతి దేవుడెరుగు, కూర్చుని ఒక ముద్ద తినడానికి తీరిక దొరికేది కాదు.

ఇది జరిగేనాటికి ఎనభైలు ఇంకా రాలేదు. మా వైపు ఆడపిల్లకు పదో తరగతి అంటే చదువు చివర. పరీక్ష రాస్తే రాసింది, లేకుంటే లేదు. తరువాత ఏమిటని ఇంట్లో ఎవరూ అడగరు. పిల్లకు కూడా అడగాలని తోచదు. టీచరమ్మ ఒక్కతే అడిగేది. ఆమె కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి.

ఒకరోజు క్లాసులో ఒక్కొక్క పిల్లను నిలబెట్టి, “పది అయ్యాక ఏం చేస్తావ్?” అని అడిగింది. నేను గుమ్మం దగ్గర కుండ పెడుతూ విన్నాను.

“ఇంటికాడ ఉంట టీచర్.”

“ఇంటి దగ్గర ఉండి?”

“ఊకె ఉంట.”

క్లాసంతా నవ్వు. ఇంకో పిల్ల లేచింది. వాళ్ల నాన్న మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. ఆ పిల్ల చెయ్యి నడుముకు పెట్టుకుని, “మా నాయనమ్మనడిగి చెప్త” అంది.

“చదివేది నువ్వా, మీ నాయనమ్మా?”

“నేనే టీచర్. గని నన్నెవలడుగుతరు?”

“ఇప్పుడు నేను అడగడం లేదూ?”

ఆ పిల్ల నడుము మీంచి చెయ్యి తీసింది. కూర్చుంది. ఆ తరువాత చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉంది. హమాలీ బిడ్డ అని రాయి, చాలు. దాని పేరు రాయను. వాళ్లందరికీ ఇప్పుడు కోడళ్లు, అల్లుళ్లు ఉంటారు. మా పేర్లు ఎందుకు పెట్టింది ఆయమ్మ అంటారు.

ఆ వారం నుంచే మొదలుపెట్టింది టీచరమ్మ. శనివారం ఒంటిపూట బడి కాగానే పదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్లోకి పోయేది. ఒక వారం పోస్టాఫీసు. ఒక వారం బ్యాంకు. ఇంకో వారం టైపు నేర్పే గది. పెద్ద దవాఖానలో నర్సు ట్రైనింగు ఎక్కడ ఇస్తారో చూపించింది. కాలేజీ గేటు లోపలికి తీసుకుపోయి, ఏ గదిలో ఎవరిని అడగాలో అడిగించింది. ఏ కిటికీ ముందైనా సరే, పిల్లలే మాట్లాడాలి. ఆమె వెనక నిలబడి పైకప్పు చూస్తుండేది.

రైల్వే స్టేషన్లో ఏమైందంటే, హమాలీ బిడ్డ టికెట్ కిటికీలో తల పెట్టింది.

“ఏడికి పోవాలె?” అన్నాడు లోపలి ఆయన.

“ఏడికి పోను సార్. టికెట్ ఎట్ల అడుగుతరో నేర్చుకుంటానికి వచ్చిన.”

“ఇది టేషననుకున్నవా, మీ బడనుకున్నవా?”

“టేషనే సార్. బళ్లె గింత వాసన రాదు.”

వెనక లైన్లో నిలబడ్డ వాళ్లు పడీపడీ నవ్వారు. లోపలి ఆయన కూడా నవ్వి, హైదరాబాద్ బండి ఎప్పుడొస్తుందో, టికెట్ మీద ఏది ఎక్కడ రాసి ఉంటుందో చెప్పాడు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. బయటికి వచ్చాక, “మాట బాగుంది. వాసన సంగతి ఈసారి వద్దు” అంది.

ఈ తిరుగుళ్లలో నా పని వెనక నడవడం. రోడ్డు దాటేటప్పుడు అందరినీ ఒకరి ఓణీ కొంగు ఒకరు పట్టుకోమనేదాన్ని. ముందున్న పిల్ల చెయ్యి నేను గట్టిగా పట్టుకునేదాన్ని. టీచరమ్మకు అది నచ్చేది కాదు.

“వాళ్లేమన్నా గొర్రెలా ఆయమ్మా?”

“గొర్రె తప్పిపోతే దొరుకుతది టీచరమ్మా. ఆడిపిల్ల తప్పిపోతే నేను వాళ్ల అవ్వకు ఏం చెప్పాలె?”

ఆమె తల అడ్డంగా ఊపి ముందుకు నడిచింది. నేను మాత్రం చెయ్యి వదలలేదు.

ఆ చలికాలం చివర్లో ఆమెకు బదిలీ ఆర్డరు వచ్చింది. పరీక్షలు ఎంతో దూరం లేవు. బస్టాండులో ఏం జరిగిందో ముందే చెప్పాను. ఆమె పోయిన తరువాత శనివారం తిరుగుళ్లు ఆగిపోయాయి. కొత్తగా వచ్చిన టీచరు లెక్కలు బాగానే చెప్పేది. కానీ చంటిపిల్ల తల్లి, గంట కాగానే ఇంటికి పోవాలి. తప్పు పట్టలేం.

తరువాత ఇంకో మాట తెలిసింది. ఏటేటా పదో తరగతి పరీక్ష మా బళ్లోనే జరిగేది. ఆ ఏడు మా పిల్లలకు హన్మకొండలో ఒక మగపిల్లల బళ్లో సెంటరు పడింది. వరంగల్ నుంచి హన్మకొండ ఎంత దూరం? ఇప్పుడైతే నవ్వుతారు. అప్పుడు ఇళ్లలో అది వేరే దేశం. పొద్దున్నే బస్సెక్కాలి, చౌరస్తాలో దిగాలి, మగపిల్లల మధ్య నుంచి నడవాలి. తల్లులు ఒకరి తరువాత ఒకరు బడికొచ్చి, మా పిల్లను పంపము అని చెప్పి పోసాగారు.

బడికి హెడ్డు, పెద్ద టీచరమ్మ నన్ను పిలిచింది. “వాళ్లు నీ మాటైతే వింటరు. జర పోయి చెప్పు” అంది.

ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ అదే మాట. “నువ్వు తోలుకపోతవా? నువ్వే తోలుకొస్తవా? అట్లయితే పంపుతం.” తోలుకపోత, తోలుకొస్త అని ప్రతి గడపలో మాటిచ్చాను. ఆ పిల్లల పరీక్ష అంతా నా ఒక్కదాని కాళ్ల మీద నిలబడింది. నేను ఒక్క పూట రాకపోతే తల్లులు పిల్లలను ఇంట్లో కూర్చోబెడతారు. ఒక్క పూట పోతే ఆ ఏడు పోయినట్టే. ఏడు పోయిన ఆడపిల్లను మళ్లీ ఎవరు పంపుతారు? రాత్రిళ్లు ఇదే ఆలోచన. జ్వరం రావద్దు, కాలు మడతపడొద్దు అని దేవుణ్ని మొక్కాను.

మా సందు చివర మగ్గం నేసే ఒక సాలెల ఇల్లు ఉండేది. ఆ ఇంటి పిల్ల క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడేది. దవాఖానలో నర్సుల గది చూసి వచ్చిన రోజు మాత్రం నా పక్కన నడుస్తూ, “ఆయమ్మా, పది పాసయితే నన్ను గూడ తీసుకుంటరా?” అని మెల్లగా అడిగింది. ఎందుకు తీసుకోరు అన్నాను. అది చాలు ఆ పిల్లకు. ఆ రోజు నుంచి నూలు కండెలు చుట్టుకుంటూ కూడా పుస్తకం ముందు పెట్టుకునేది. వాళ్ల నాన్న నన్ను అక్కా అని పిలిచేవాడు. సెంటరు సంగతి చెప్పడానికి పోతే, మిగతా వాళ్లలాగా ఒక్క అడ్డు మాట అనలేదు.

“తీసుకపో అక్కా. నా బిడ్డ నౌకరి చేస్తదట. చెయ్యనీ. ఈ మగ్గం గుంటల కూసొని నా నడుము ఎట్లయిందో చూస్తలేవా?”

అంత మంచి మనిషి. పరీక్ష మొదటి పొద్దున నా ప్రాణం తోడింది మాత్రం అతడే.

ఆ పొద్దున పిల్లలంతా బడి గేటు దగ్గరికి చేరారు. ఉతికిన లంగా ఓణీలు, నూనె పెట్టి బిగించిన జడలు, చేతిలో హాల్ టికెట్లు. హమాలీ బిడ్డతో పాటు వాళ్ల నాయనమ్మ కూడా వచ్చింది. వర్ధన్నపేట దగ్గరి ఊరు ఆమెది. మనుమరాలి పరీక్ష అని వచ్చింది, ఆయమ్మ చేతిలో పెట్టి పోతానని కట్టె పొడుచుకుంటూ గేటు దాకా నడిచింది. అందరూ వచ్చారు గానీ సాలెల పిల్ల రాలేదు. కాసేపు చూశాం. ఇక లాభం లేదని, అందరినీ వెంటబెట్టుకుని మా సందులోకి పోయాను.

పోతే ఏముంది, సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు చాపి ఉంది.

పడుగు అంటే చీరకు నిలువు పోగులు. వాటిని సందు పొడుగునా కర్రలకు బిగించి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు చెరో పక్క నిలబడి పెద్ద కుంచెలతో ఒకే ఊపున దువ్వుకుంటూ నడవాలి. గంజి ఆరేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే పోగుకు పోగు అంటుకుని అట్ట అవుతుంది. ఆ అట్ట మగ్గం ఎక్కదు. ఇంటిల్లిపాది చేసిన పని మట్టిలో కలుస్తుంది.

ఒక పక్క తండ్రి, ఇంకో పక్క ఆ పిల్ల. పరీక్ష బట్టలు వేసుకుని, ఓణీ నడుముకు చుట్టుకుని, మోచేతుల దాకా గంజితో దువ్వుతూ ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తండ్రి మాత్రం నన్ను చూసి నవ్వుముఖం పెట్టాడు.

“వచ్చినవా అక్కా! నా బిడ్డ పరీక్షని కొత్త పడుగు చాపిన. మొదటి గంజి దాని చేత్తోనే పెట్టిచ్చిన.”

వాళ్లింట్లో అదొక పద్ధతి. ఇంట్లో ఎవరికైనా పెద్ద పని మొదలయ్యే రోజు పొద్దున్నే కొత్త పడుగు చాపుతారు. ఎవరి పనో వాళ్ల చేత మొదటి గంజి పెట్టిస్తారు. పోగు తెగకుండా పడుగు ఆరితే ఆ పని కూడా సాఫీగా సాగుతుందని నమ్మకం. బిడ్డ మీద ప్రేమతోనే చేశాడు. దానికి నేనేమనాలి?

“ఇయ్యాలనే దొరికిందా తమ్మీ నీకు? బస్సు పోతాంది!”

“బడి గంట పదింటికి గద అక్కా. అప్పటికల్ల ఆరుతది.”

“బడి గంటేంది? హన్మకొండ సెంటరు! తొమ్మిదింటికి లోపటికి పంపుతరు!”

అతడి చేతిలో కుంచె ఆగబోయి, మళ్లీ కదిలింది. ఆపడానికి వీల్లేదు కదా. ముఖం మాత్రం తెల్లబోయింది. “తొమ్మిదింటికని నాకెర్కలే అక్కా. పోరి చెప్పలే.”

“చెప్పిన నాయినా,” అంది పిల్ల ఏడుపు గొంతుతో. “ఎండ రాంగనే ఆరుతది తియ్యి అన్నవు.”

ఎండ ఎక్కడ? ఆ పొద్దున మబ్బు పట్టింది. గంజి పచ్చిగానే ఉంది.

పిల్ల బదులు ఎవరు? తల్లి బాలింత, లోపల చంటిబిడ్డతో ఉంది. సందులో కుంచె పట్టగల వాళ్లంతా ఆ పొద్దున చేనేత సొసైటీలో నూలు ఇస్తారని లైన్లో నిలబడడానికి పోయారు. వాళ్లు వచ్చేదాకా ఆగితే పరీక్ష పోతుంది. పిల్ల వదిలి వస్తే పడుగు పోతుంది. ఆ పిల్ల నా ముఖం వైపే చూస్తూ ఉంది. ఈ ఒక్క పొద్దు పోతే దాని నర్సు ట్రైనింగు ఇక ఎప్పటికీ లేదు. అది దానికి తెలుసు, నాకూ తెలుసు.

కుంచె పట్టడం నాకు వచ్చు. పుట్టినింట్లో నేర్చుకున్నదే, మా ఆయనతో ఎన్ని పడుగులు దువ్వానో లెక్క లేదు. కొంగు దోపుకుని పిల్ల చేతిలో కుంచె లాక్కున్నాను.

“పోవే. చేతులు కడుక్కో. ఉరుకు.”

అప్పుడు తట్టింది నాకు. నేను ఇక్కడ నిలబడితే వీళ్లందరినీ తీసుకుపోయేది ఎవరు?

నా వెనక పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డారు. నేను పడుగు వెంట నడుస్తున్నాను, తండ్రి అవతల పక్క నాతో పాటు నడుస్తున్నాడు. నడుస్తూనే ఆలోచిస్తున్నాను. ఏమీ తోచడం లేదు. హమాలీ బిడ్డ నా పక్కకు వచ్చి నడక కలిపింది.

“ఆయమ్మా, మేం పోతం.”

“మీరెట్ల పోతరే?”

“బస్సెక్కి పోతం. చౌరస్తల దిగుతం. తెల్వకుంటే దుకాణపాయన్నడుగుతం. టీచర్ గివన్ని నేర్పింది ఎందుకు మరి?”

“మీ అవ్వలకు మాటిచ్చిన పోరీ!”

“నువ్వు వస్తనంటివి, రాకుంటివి. పరీక్ష ఆగుతదా?”

ఇంతలో వాళ్ల నాయనమ్మ ముందుకు దూసుకొచ్చి మనుమరాలి రెక్క పట్టుకుంది. “ఆయమ్మ రాకుంటే నా పొల్లను పంపియ్య. నడువే ఇంటికి. పరీక్షా లేదు, గిరీక్షా లేదు.”

ఆమె మాట వినగానే ఇద్దరు ముగ్గురు పిల్లల ముఖాలు మారిపోయాయి. ఒకదాన్ని లాగితే అందరూ ఇంటికే. నాకు ఒళ్లు మండింది. కుంచె ఆపకుండానే అరిచాను.

“పెద్దమనిషి తోడు లేకుంటే పంపియ్యవు, అంతేనా అవ్వా?”

“అంతే!”

“మరి నువ్వు మనిషివి కావా? నువ్వే పో తోడు!”

ముసలామె మనుమరాలి రెక్క వదిలేసింది. “నేనా? నాకు ఈ పట్నంల తూరుపేదో పడమరేదో ఎర్కలే!”

“వాళ్లకెర్కనే. నువ్వు ఊకె ముందట నడువు. నీ కట్టె సూస్తె ఏ పోరడూ దగ్గరికి రాడు.”

పిల్లలు గొల్లుమన్నారు. అంత తిప్పలలోనూ పడుగు అవతల ఆ తండ్రికి కూడా నవ్వు ఆగలేదు. హమాలీ బిడ్డ ఆమెకు ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వలేదు. నాయనమ్మ ఒక చెయ్యి తను పట్టుకుంది, ఇంకో చెయ్యి సాలెల పిల్ల పట్టుకుంది. ముసలామె “ఆగుండ్రే, నా చెప్పు, నా చెప్పు” అంటూనే ఉంది. అట్లాగే అందరూ కలిసి సందు మలిగి కనిపించకుండా పోయారు.

నేను వెళ్లి చూడడానికి కూడా లేదు. పడుగు వెంట ఈ కొసకు వస్తే రోడ్డు కనిపిస్తుంది, ఆ కొసకు పోతే కనిపించదు. ఈ కొసకు వచ్చిన ప్రతిసారీ మెడ సాచి చూశాను. ఏం కనిపిస్తుంది? వాళ్లు ఎప్పుడో పోయారు.

“దొరికి ఉంటదా అక్కా బస్సు?” అన్నాడు తండ్రి.

“నాకేం తెలుసు? నువ్వు దువ్వు.”

కొంతసేపు అయ్యాక, “గేటు మూసేస్తరా అక్కా, ఆలిశమైతే?” అన్నాడు.

“నోరు మూసుకొని దువ్వు తమ్మీ.”

అతడు దువ్వుతున్నాడు. ముక్కు ఎగబీలుస్తుంటే విన్నాను. తల ఎత్తి చూడలేదు. మగవాడు ఏడుస్తుంటే చూడడం నాకు చేతకాదు. ఒక పోగు తెగింది. అతడు అదిరిపడి నా వైపు చూశాడు, అదేదో బిడ్డ రాతే తెగినట్టు. “పోగన్నంక తెగుతది, అతుకు” అన్నాను. రెండు కొసలూ దగ్గరికి లాగి ముడి వేశాడు.

మబ్బు ఎప్పుడు విడిపోయిందో చూడలేదు. వీపు మీద ఎండ చురుక్కుమంటే తెలిసింది. పోగులు ఆరడం మొదలైంది. ఎంత బాగా ఆరిందంటే, కొన్నేళ్లుగా చెయ్యి ఆడని నాకే ముచ్చటేసింది. సొసైటీకి పోయిన మగవాళ్లు నూలు మూటలతో తిరిగి వచ్చారు. ఒకాయన నా చేతిలోంచి కుంచె తీసుకుని, “నువ్వెందుకు పట్టినవు వదినా?” అన్నాడు. చెప్పే ఓపిక లేదు నాకు.

ఇక చేతులు ఖాళీ అయ్యాయి, కాళ్లు నిలవవు. హన్మకొండ పోదామా అనుకున్నాను. నేను ఒక బస్సులో పోతుంటే వాళ్లు ఇంకో బస్సులో వస్తే? అందుకని సందు మొగదల ఒక అరుగు మీద కూర్చున్నాను. మోచేతుల దాకా గంజి ఎండి చర్మం బిగుసుకుపోయింది. కడుక్కోవాలని కూడా అనిపించలేదు. రోడ్డు మీద ఏ ఓణీ కనిపించినా లేవడం, కాదని కూర్చోవడం. పరీక్ష వదిలే సమయం దాటింది. ఒక పిల్ల తల్లి అటుగా వచ్చి, “అరే, నువ్వీడ్నే ఉన్నవేంది ఆయమ్మా? పిల్లలేరి?” అంది. ఆమెకు ఏం చెప్పను? నీ బిడ్డను ఒక ముసలామె కట్టెకు అప్పజెప్పాను అని చెప్పనా? “వస్తాండ్రు” అన్నాను. ఆమె నా పక్కనే కూర్చుంది. అది ఇంకా నరకం.

అప్పుడు వినిపించింది మొదట. కనిపించడానికి ముందే వినిపించింది. ముసలామె గొంతు.

“నేను చెప్తనే ఉన్న, అది మన బస్సు కాదని!”

“నువ్వు చెప్పలే నాయనమ్మా, నువ్వు ఎడ్లబండి ఎక్కుతనన్నవు!”

సందు మలిగి వచ్చారు. ఎవరి కొంగు ఎవరూ పట్టుకోలేదు. ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురుగా, చేతులూపుకుంటూ, ప్రశ్నల గురించి కొట్లాడుకుంటూ వస్తున్నారు. నడుమ ముసలామె చేతిలో కరుగుతున్న పుల్ల ఐసు. నేను లేచి నిలబడి ఒక్కొక్కరినీ తడిమి చూశాను. సాలెల పిల్ల చివరన ఉంది. దాని రెండు చెంపలు పట్టుకున్నాను.

“రాసినవా?”

“రాసిన ఆయమ్మా.”

“మొత్తం?”

“ఒకటి విడిచిపెట్టిన. అది ఎవ్వలకు రాలే.”

మళ్లీ అరుగు మీదే కూలబడ్డాను. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ల నీళ్లు వచ్చాయి. పొద్దుటి నుంచి ఛాతీ మీద ఎవరో రోలు పెట్టినట్టుంది, దాన్ని ఎవరో ఎత్తి పక్కన పెట్టారు. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. మొదటి బస్సు నిండిపోయి ఆగలేదట. రెండో బస్సు ఎక్కితే అది వేరే దారిన పోతుందని తెలిసిందట. హమాలీ బిడ్డ కండక్టరును అడిగి దింపించి, ఒక దుకాణంలో దారి అడిగి, అందరినీ పరుగెత్తించిందట. ముసలామె పరుగెత్తలేకపోతే ఇద్దరు పిల్లలు ఆమెను రిక్షాలో కూర్చోబెట్టి పక్కన ఉరికారట. గేటు మూస్తుంటే లోపల పడ్డారు. సాలెల పిల్ల చేతికి ఇంకా గంజి ఉంటే, కాపలా సారు నల్లా దగ్గరికి పంపి కడిగించాడట.

“నిన్ను తోడు పంపితే, నిన్నే వాళ్లు మోసిండ్రా అవ్వా?” అన్నాను.

“మోస్తే ఏమాయె?” అంది ముసలామె పుల్ల ఐసు నాకుతూ. “అయినా నీ పిల్లలు గాదే, రాక్షసులు. నా పొల్ల ఆ కండక్టర్‌తోని మాట్లాడుతాంటె నాకే భయమైంది. రేపు గూడ నేనే పోత. గేటుకాడ ఒకామె కలిసింది, మడికొండామె. దోస్తయింది.”

తండ్రి అప్పటికి పడుగు చుట్టి లోపల పెట్టి, సందు మొగదలకి పరుగెత్తుకొచ్చాడు. బిడ్డను చూశాడు. దాని చేతులు రెండూ తిప్పి తిప్పి చూసి, “గంజి పోయిందా బిడ్డా?” అన్నాడు. అంతే అన్నాడు.

పోతూ పోతూ హమాలీ బిడ్డ వెనక్కి తిరిగింది. “ఆయమ్మా, రేపు నువ్వు రాకున్నా నడుస్తది.”

నాకు కొంచెం చురుక్కుమన్న మాట నిజమే. వాళ్లు లేకుండా నేనేం చేయాలి అనిపించింది. కానీ ఆ రాత్రి నాకు పట్టినంత నిద్ర మా ఆయన పోయాక ఏ రాత్రీ పట్టలేదు. మరునాడు బడి గేటు దగ్గర నిలబడి వాళ్లను పంపించి, లోపలికి పోయి నా కుండలు నింపుకున్నాను. ముసలామె కట్టె పట్టుకుని ముందు నడిచింది. పరీక్షలన్నీ అట్లాగే అయిపోయాయి. తల్లులు నన్ను తిడతారనుకున్నాను. ఒక్కరూ తిట్టలేదు. అప్పటికే పిల్లలు ఇంట్లో ఎట్లా చెప్పుకున్నారో గానీ, తల్లులే ఒకరికొకరు గొప్పగా చెప్పుకుంటున్నారు.

సాలెల పిల్ల పాసయింది. గొప్ప మార్కులేమీ కావు, పాసయింది, అది చాలు. నర్సుల ట్రైనింగులో చేరడానికి పోయేనాడు నన్ను తోడు రమ్మంటుందేమో అనుకున్నాను. రమ్మనలేదు. చేరి వచ్చాక మా ఇంటికి వచ్చి చెప్పింది. హమాలీ బిడ్డ పెద్ద చదువుకు పోలేదు. కానీ పెళ్లయి పోయిన ఊళ్లో బస్సు దగ్గరైనా, ఆఫీసు దగ్గరైనా ఎవరికి పని పడినా దాన్నే తీసుకుపోతారని విన్నాను. అది ఏ కిటికీలో తల పెట్టి ఏం మాట్లాడుతుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

ఇంతే బిడ్డా. ఇంకేం చెప్పాలె, గొంతు గూడ ఎండుకపోయింది. కలం కింద పెట్టకు గని, ముసలామె గొంతు ఇనపడ్డ కాడి నుంచి, పిల్లలు సందు మలిగి వచ్చుడు ఒక్కసారి చదివి ఇనిపియ్యి. జర గట్టిగ చదువు.